తలుపు సరళప్పది, ఇల్లు మాది

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం సరళప్ప మా ఇంటికి వచ్చింది. ముందుగా ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఏదో వంక పెడతానని ఆవిడకి తెలుసు. రాయగడలో మా వీధి ఇప్పుడు ఆటో కూడా దూరలేనంత ఇరుకైపోయింది. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని బురద తప్పించుకుంటూ నడిచి వచ్చింది. జుట్టు తెల్లబడింది, మోకాళ్ళ నొప్పులు కాబోలు, గుమ్మం ఎక్కడానికి గోడ పట్టుకుంది. "ఏటే పైడీ, గుర్తు పట్టేవా?" అంది. గుర్తు పట్టకపోవడమా! ఇన్నేళ్ళలో ఆ మొహాన్ని తలుచుకుని పళ్ళు నూరుకోని నెల ఒకటి ఉంటే చెప్పమనండి. అయినా కాళ్ళకి నీళ్ళిచ్చాను, కుర్చీ వేశాను, టీ పెట్టాను. గుమ్మంలోకి వచ్చిన మనిషికి ఆ మాత్రం చెయ్యకుండా ఉండటం నాకు చేతకాదు. అది మా మామ్మ నేర్పిన చేతకానితనం.

మామ్మ అంటే మా నాన్నని కన్నతల్లి. శ్రీకాకుళం పల్లె నుంచి పెళ్ళయి ఒడిశాలో గుణుపురం పొలాలకీ, మా నాన్నకి మునిసిపాలిటీలో నీళ్ళ పని దొరికాక అక్కణ్ణించి రాయగడకీ వచ్చింది. రెండు గదుల ఇల్లు మాది. తెల్లారకుండానే నాన్న వాల్వులు తిప్పే ఇనపరాడ్డు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. అమ్మ కిరసనాయిలు పొయ్యి వెలిగించేది. మామ్మ వెనక అరుగు మీద కూర్చుని, రాత్రి పులియబెట్టిన చోడి అంబలి పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ తాగి, చుట్ట వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకునేది. అడ్డపొగ అంటారు దాన్ని. మా వైపు ముసలమ్మలకి మామూలే గానీ కోరాపుట్ నుంచి వచ్చిన నా స్నేహితురాళ్ళు మాత్రం నోరు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు. పుల్లటి అంబలి వాసన, చుట్ట కంపు, కిరసనాయిలు కలిసిపోయిన ఆ పొద్దుటి గాలి నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. అమ్మకి ఆ కంపు పడేది కాదు. "ఇల్లంతా పొగాకు గొడౌను సేసేసేరు" అని గొణుక్కుంటూనే చుట్టలు కొని తెచ్చిపెట్టేది.

మామ్మ ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు వరస తేలాలి. రైల్లో గానీ, టికిరి సంతలో గానీ తెలుగు మాట చెవిన పడితే చాలు, "మీదేవూరు నాయినా? ఎవులింటోలు?" అని మొదలుపెట్టేది. ఆ మనిషి ఊరూ ఇంటిపేరూ చెబితే, మామ్మ కళ్ళు మూసుకుని, ఎవరి ఆడపడుచుని ఎవరింటికి ఇచ్చారో లోపల లెక్క కట్టుకుని, చివరికి "అయితే నువ్వు నాకు అల్లుడు వరసవుతావు" అని తేల్చేది. అప్పటిదాకా బేరం మొదలయ్యేది కాదు. తేలాక బేరం ఉండేదే కాదు. అమ్మే అతను సిగ్గుపడి తగ్గించి ఇచ్చేసేవాడు. కొండల మీద, ఒడియా దేసియా మాటల మధ్య, మా వాళ్ళు ఒకరినొకరు పోగొట్టుకోకుండా ఉండటానికి అదే దారి అనుకుంటాను. నువ్వు నాకు అత్తవైతే నేను నీకు కోడలిని. ఒకవైపు కలిస్తే రెండోవైపు దానంతట అదే కలిసినట్టు. ఇందులో ఇంకో మాటకి తావు లేదని నేను నమ్మాను. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

మామ్మ కబుర్లు కూడా అలాగే నడిచేవి. ఎండు నెత్తళ్ళ కూర గురించి మొదలుపెట్టేది. ఆ నెత్తళ్ళు తెచ్చే నీలమ్మ పేరు రాగానే నీలమ్మ చెల్లెలిని లమ్తపుట్‌లో ఇచ్చిన సంగతిలోకి వెళ్ళేది. లమ్తపుట్ అనగానే అక్కడ కొండ మీద వలిసెల పంట వేసి నష్టపోయిన మరిది, ఆ మరిది ఎద్దుని అమ్మిన గుణుపురం సంత, ఆ సంతలో తప్పిపోయి దొరికిన మా పెద్ద మేనత్త. పేరు తగిలిన చోటల్లా మలుపు తిరిగేది. "ముందు ఆ కూర సంగతి తేల్చండత్తా, పొయ్యి మీదుంది" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది. కూర సంగతి ఎన్నడూ తేలలేదు. నేను మాత్రం ఎదురుగా కూర్చుని వింటూ ఎక్కడా దారి తప్పేదాన్ని కాదు.

డిగ్రీ అయ్యాక నన్ను కోరాపుట్‌లో కంప్యూటర్ క్లాసులకి పంపించారు. అప్పుడప్పుడే ఇంటర్నెట్ అనే మాట వినిపిస్తున్న రోజులు. క్లాసులో నా పక్క కుర్చీ సరళది. వాళ్ళ నాన్న సునాబెడలో ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు, పైగా ఇంట్లో కంప్యూటర్ ఉంది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. ఒకసారి మా ఇంటికి తీసుకొస్తే మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళమ్మ పుట్టిల్లు నరసన్నపేట వైపని పట్టుకుని, అక్కణ్ణించి గుణుపురం దాకా లాక్కొచ్చి, "ఒలే అమ్మీ, ఇది నీకు అప్పవుద్ది. ఇకనించి పేరెట్టి పిలిసేవంటే ఊరుకోను" అంది. సరళ వంగి కాళ్ళకి దండం పెట్టింది. మా వైపు అక్కని అప్ప అంటారు, ఆ రోజు నుంచి సరళప్ప. నేను సునాబెడలో వాళ్ళింట్లోనే ఉండి, ఇద్దరం ఒకే శాలువా కప్పుకుని పొద్దుటి బస్సులో కోరాపుట్ వెళ్ళేవాళ్ళం. వాళ్ళ క్వార్టర్స్ నిండా నీలగిరి ఆకుల వాసన. వాళ్ళమ్మ నాకు తన కూతురితో పాటే తలకి నూనె రాసేది. నాకు అక్కలేని లోటు తీరిందని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మాకు నేర్పే మాస్టారు ఒడియా ఆయన, తెలుగు బాగానే వచ్చు. ఒకరోజు బోర్డు మీద మూడు బొమ్మలు గీశాడు. ఒకటి గీత: పేజీ తరవాత పేజీ, ముందుకీ వెనక్కీ తప్ప ఇంకెటూ వెళ్ళలేవు. రెండోది చెట్టు: మొదటి పేజీ నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు, పక్క కొమ్మకి పోవాలంటే మళ్ళీ మొదలుకి రావాలి. మూడోది వల: ఏ పేజీ నుంచైనా ఏ పేజీకైనా దారి. "చూసేవాడు దారి తప్పకూడదంటే చెట్టు కట్టండి. తిరగనివ్వాలంటే వల కట్టండి" అన్నాడు. సరళప్ప వెంటనే చెట్టు బొమ్మ నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది. నేను వల బొమ్మ చూస్తూ ఉండిపోయాను. బోర్డు మీద మా మామ్మ కబుర్లు కనిపిస్తున్నాయి మరి.

ఆఖరి పరీక్షకి బదులు ఒక సైటు తయారు చెయ్యాలన్నారు. ఇద్దరేసి కలిసి చెయ్యొచ్చు. మామ్మ చెప్పే మనుషులందరికీ తలో పేజీ కడదామన్నాను. సరళప్ప ఎగిరి గంతేసింది. గంతేసింది గానీ ఎలా కట్టాలన్న దగ్గర ఇద్దరికీ రోజూ తగువే. ఆవిడకి ఎడమ పక్కన పట్టీ ఉండాలి, అందులో ఊర్లవారీగా పేర్లుండాలి, ప్రతి పేజీ అడుగునా "ముందుకు", "వెనక్కి", "మొదటికి" ఉండాలి, లింకున్న చోటల్లా "ఇక్కడ నొక్కండి" అని రాయాలి. నాకేమో వాక్యం మధ్యలో నీలమ్మ పేరు వస్తే ఆ పేరు కిందే గీత పడాలి, నొక్కితే నీలమ్మ దగ్గరికి వెళ్ళాలి, నీలమ్మ పేజీ నుంచి తిరుగు వరసతో వెనక్కి రావాలి. "ఇక్కడ నొక్కండి ఏటప్పా, గుడి ముందు చెప్పులిక్కడ విడవండి అన్నట్టు? మామ్మ ఎప్పుడైనా ఇప్పుడు నీలమ్మ గురించి చెప్తాను వినండి అంటుందా?" అనేదాన్ని. "చూసేవాళ్ళందరూ మామ్మ మనవరాళ్ళేటే? బయటోళ్ళకి అర్థం కావద్దా?" అనేది. మా నాన్నని అడిగితే ఆయన సరళప్ప వైపే. ఎక్కడ కట్టెయ్యాలో తెలీని నీళ్ళ లైను ఏం లైను అన్నాడు. తెలుగు అక్షరాలు అప్పట్లో ఏ కంప్యూటర్లో ఎలా కనబడతాయో నమ్మకం లేదు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం. సెలవులకి రాయగడ వచ్చి మామ్మ దగ్గర విని, సునాబెడ వెళ్ళి కొట్టేదాన్ని. సొరంగాల్లోంచి వెళ్ళే ఆ రైల్లో, దీపాలు లేని పెట్టెలో, ఎవరికి ఎవరు ఏమవుతారో వేళ్ళ మీద కలుపుకుంటూ కూర్చునేదాన్ని. అంత సంతోషంగా నేను మళ్ళీ ఏ పనీ చెయ్యలేదు.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఉచితంగా చోటిచ్చే సైట్లలో ఇద్దరం చెరో చోటు తీసుకున్నాం. ముందు వాకిలి సరళప్ప తన చోట్లో తనకి నచ్చినట్టు కడుతుంది. లోపలి పేజీలన్నీ నావి, నా చోట్లో. వాకిట్లో నొక్కితే నా దగ్గరికి రావాలి. నా దగ్గర ఒక పేజీలో మాత్రం "మామ్మ చెప్పింది, పైడి రాసింది, వాకిలి కట్టింది మా అప్ప సరళ" అని రాసి, సరళ అన్న పేరుకి ఆవిడ చోటికి లింకిచ్చాను. ప్రతి పేజీలోనూ పేరు వేసుకోవాలని తోచలేదు. ఇంట్లో గదిగదికీ పేరు రాసుకుంటామా? ఆవిడ కూడా తన వైపు నుంచి "మా చెల్లి పైడి" అని లింకు ఇచ్చే ఉంటుందనుకున్నాను. వెళ్ళి చూసుకోలేదు. నేను అప్పా అంటే ఆవిడ చెల్లీ అనకుండా ఎలా ఉంటుంది?

ఈలోగా తెలిసిందేమిటంటే, మా క్లాసులు నడిపే సంస్థ రాయగడలో కొత్త సెంటర్ తెరుస్తోందట, మాలోంచి ఒకరిని అక్కడ టీచరుగా వేసుకుంటారట. నాకు ఆ ఉద్యోగం వస్తే సొంత ఊళ్ళో, మామ్మ పక్కనే ఉండి మిగతా కబుర్లన్నీ రాసుకోవచ్చు. రాకపోతే టికిరిలో, అల్యూమినా ఫ్యాక్టరీకి పనిచేసే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో లెక్కలు కొట్టుకోవాలి. ఇది సరళప్పకి చెప్పాను. ఒకే శాలువాలో కూర్చుని చెప్పాను. "నీకే వస్తాదిలే. రాసిందంతా నువ్వే గదా" అంది.

సైట్లు చూపించే రోజున ఉద్యోగం ఎవరికివ్వాలో తేల్చడానికి భువనేశ్వర్ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. సరళప్ప మౌసు పట్టుకుంది. తెర మీద పైన అడ్డంగా ఒక పట్టీ, అందులో పెద్ద అక్షరాల్లో సరళ పేరు. ఎడమ పక్కన నిలువుగా ఊర్ల పట్టీ. మధ్యలో ఖాళీ. ఎడమ వైపు లమ్తపుట్ మీద నొక్కింది. మధ్య ఖాళీలో నా పేజీ వచ్చి కూర్చుంది. పైన సరళ పేరు కదల్లేదు. పక్క పట్టీ కదల్లేదు. నీలమ్మ, మరిది, ఎద్దు, సంత, మేనత్త, అందరూ ఒకరి తరవాత ఒకరు ఆ చట్రంలోకే వచ్చారు. దాన్ని ఫ్రేము అంటారని, ఎవరి పేజీనైనా తెచ్చి మన చట్రంలో చూపించుకోవచ్చని, చూసేవాడికి అది మన ఇంట్లోదే అనిపిస్తుందని మాస్టారు చెప్పిన రోజు నాకు జ్వరం. సరళప్ప వచ్చి చెప్తాను అంది, చెప్పలేదు. మా పేర్లున్న ఆ ఒక్క పేజీకి ఆవిడ పట్టీలో దారే లేదు. లోపలి పేజీలకి నేరుగా లింకులిచ్చుకుంది. పైన చిరునామా గళ్ళో చూశాను. ఎన్ని పేజీలు మారినా ఆవిడ చిరునామాయే. పెద్దమనిషి "చాలా పొందికగా ఉందమ్మా, ఎక్కడా దారి తప్పలేదు" అన్నాడు. "థాంక్యూ సర్" అంది సరళప్ప. నా వైపు చూడలేదు.

బయటికి వచ్చాక అడిగాను. "ఇదేటప్పా?" అన్నాను. "నీ పేజీలు నీ చోటే ఉన్నాయి గదే, నేనేం దొంగిలించేను? చూడ్డానికి బాగుంటాదని ఫ్రేము పెట్టేను" అంది. నిజమే, నా పేజీలు నా చోటే ఉన్నాయి. దొంగతనం అనడానికి కూడా లేకుండా చేసింది. దొంగిలించి ఉంటే ఇంత మండేది కాదు. రాయగడ ఉద్యోగం ఆవిడకే వచ్చింది. నేను టికిరి వెళ్ళేముందు రాయగడలో ఒక ఇంటర్నెట్ దుకాణంలో కూర్చుని నా చోట్లో ఉన్న పేజీలన్నీ ఒక్కొక్కటిగా తీసేశాను. తీసేసి ఆవిడ వాకిట్లోకి వెళ్ళి నొక్కి చూశాను. పైన సరళ పేరు, పక్కన పట్టీ, మధ్యలో పేజీ దొరకలేదన్న ముక్క. కడుపు చల్లబడింది. ఇప్పటికీ అందులో తప్పు కనబడదు నాకు. ఫ్లాపీలు ఇంట్లో ఉన్నాయి, అంతకు మించి మామ్మ ఉంది. మామ్మ ఉన్నంతకాలం మళ్ళీ రాసుకోవచ్చనుకున్నాను.

టికిరి నుంచి ఆదివారాలు వచ్చేదాన్ని. ఒకసారి ఏదో బందు అయితే వారం మధ్యలోనే వచ్చేశాను. వీధిలోంచే చుట్ట వాసన, మామ్మ గొంతు. వెనక అరుగు దగ్గరికి వెళితే మామ్మ ఎదురుగా సరళప్ప పీట మీద కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా టేప్ రికార్డరు తిరుగుతోంది. మామ్మ నీలమ్మ చెల్లెలి దగ్గర ఉంది, లమ్తపుట్ మలుపులో. అమ్మ లోపల్నుంచి సరళప్పకి టీ తెస్తోంది. సరళప్ప నన్ను చూసి టేపు ఆపి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

"ఇదేటి మామ్మా?" అన్నాను.

"ఏటుంది? అడిగింది, సెప్తన్నాను."

"అది నన్నేం చేసిందో నీకు తెలీదా?"

"తెలుసు. మీకూ మీకూ ఉజ్జోగం కాడ తగువు. అది మీరూ మీరూ సూసుకోండి. మనవరాలొచ్చి మన పెద్దోల సంగతి సెప్పు మామ్మా అంతే నోరు కట్టుకుని కూకోమంతావేటి?"

"నీ మనవరాలిని నేను!"

"అదీ మనవరాలే. ఈ నోటితోటే గదా వరస కలిపినాను. ఏ నోటితో తెంపమంతావు?"

సరళప్ప చేసిన దానికి నేను ఏడవలేదు. ఆ మాటకి ఏడ్చాను. నేను వలలాగా కట్టాలని పోట్లాడింది మామ్మ కోసం. ఆ వలలో నేనూ ఒక ముడినే, నాకంటూ వేరే చోటేమీ లేదు అని మామ్మే చెప్పేసింది. ఆ తరవాత కూడా ఇంటికి వచ్చాను, పక్కన కూర్చున్నాను, చుట్టలు తెచ్చి ఇచ్చాను, కానీ ఎవరికి ఎవరు ఏమవుతారని మళ్ళీ అడగలేదు. మామ్మా చెప్పలేదు. మూడో వానాకాలానికి పోయింది. ఫ్లాపీలు అప్పటికే బూజు పట్టి తెరుచుకోవడం మానేశాయి.

నాకిప్పుడు బజార్లో చిన్న దుకాణం ఉంది. ఫారాలు నింపుతాను, ప్రింట్లు తీస్తాను. పిల్లలు ఫోన్లు పట్టుకుని వస్తారు. గీత కింద నీలంగా ఉండే మాటని నొక్కి ఇంకొకరి ఇంటికి వెళ్ళడం అనేది వాళ్ళకి తెలీదు. ఏది నొక్కినా ఆ యాప్‌లోనే, అదే చట్రంలోనే తెరుచుకుంటుంది. బయటికి పంపించడం ఎవరికీ ఇష్టం లేదు. ఆ రోజుల్లో ముక్కూ మొహం తెలీని వాళ్ళు కూడా తమ పేజీ చివర "ఇది ఫలానా వారిది, అక్కడికి వెళ్ళి చూడండి" అని దారి చూపించేవాళ్ళు, అదొక మర్యాద. ఆ మర్యాద పోయి అందరూ ఫ్రేములు కట్టుకున్నారు. సరళప్ప అందరికన్నా ముందు కట్టింది, అంతే తేడా. దుకాణంలో కూర్చుని ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

టీ తాగాక సరళప్ప ఫోన్ తీసింది. ఉద్యోగం మానేశాక ఆ టేపులన్నీ విని మళ్ళీ సైటు కట్టిందట, ఈసారి తెలుగు అక్షరాల్లోనే. చూపించింది. నా కళ్ళు నేను నమ్మలేదు. పక్క పట్టీ లేదు, "ఇక్కడ నొక్కండి" లేదు. వాక్యం మధ్యలో పేరు, పేరు కింద గీత. నీలమ్మ నుంచి చెల్లెలు, చెల్లెలి నుంచి మరిది, తిరుగు వరసతో మళ్ళీ వెనక్కి. నేను పోట్లాడినట్టే కట్టింది. పైన మాత్రం సరళ అనే ఉంది. మామ్మ పేజీ తెరిచాను. అడుగున మనవలూ మనవరాళ్ళూ. మా తమ్ముడి పేరు నీలంగా ఉంది. మనవరాలు సరళ, నీలంగా ఉంది. మనవరాలు పైడి అని ఉంది, నల్లగా, గీత లేకుండా. వేలు పెట్టి నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కాను.

"నాది తెరుచుకోదేటప్పా?" అన్నాను. ఆ అప్ప నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు.

"అందుకే వచ్చేనే," అంది. "నీదొక్కటే ఖాళీ. టేపులు చేసుకునే రోజుల్లో ఒకసారి మామ్మని అడిగేను, పైడి గురించి కూడా చెప్పు మామ్మా అని. దానిది ఒదిలెయ్యే, అదే సెప్పుకుంతాది అంది. అందుకని ఇన్నాళ్ళూ ముట్టలేదు. ఇప్పుడు నువ్వు రాసివ్వు, పెట్టేస్తాను."

"ఆ ముక్క టేపులో ఉందా?" అని అడిగాను.

"లేదే. అప్పటికి టేపు కట్టేసేను."

ఆ మాట తీరు మామ్మదే. ఆ "ఒదిలెయ్యే", ఆ "సెప్పుకుంతాది" మామ్మవే. కానీ మామ్మ గొంతు నాకెంత తెలుసో టేపులు విని విని ఆవిడకీ అంతే తెలుసు, పైగా ఆవిడకి కావలసింది నా పేజీ. అడుగుదామంటే మామ్మ లేదు. వరస అడగడం మానేసిన ఆ మూడేళ్ళూ మామ్మ మనసులో నేను ఉన్నానో లేనో అని ఇన్నేళ్ళుగా తిన్నది వంటపట్టలేదు నాకు. ఉన్నానని చెప్పే మాట ఒకే ఒక్కటి దొరికింది, అది సరళప్ప నోట్లో ఉంది. మామ్మ నన్ను వదిలెయ్యలేదని నమ్మాలంటే ముందు నేను సరళప్పని నమ్మాలి. అది నావల్ల కావడం లేదు.